గుర్తులు కలిస్తే సరిపోతుందా? పాత బండి ఇంజన్‌లో కామ్ టైమింగ్ పెట్టడానికి ఏ పద్ధతి ఎప్పుడు

మా మావయ్య బుల్లెట్ ఇంజన్ మొత్తం విప్పి కట్టాం. బోర్ చేయించాం, పిస్టన్ కొత్తది, వాల్వులు గ్రైండ్ అయ్యాయి, టైమింగ్ గేర్లు పాతవి అరిగిపోయాయని కొత్త సెట్ తెచ్చాం. గేర్ల మీద ఉన్న గుర్తులు ఒకదానికొకటి ఎదురుగా కలిపి, కవర్ మూశాం. మూడో కిక్కుకే స్టార్ట్ అయింది. శబ్దం కూడా బాగుంది. మర్నాడు ఇద్దరం కూర్చుని ఊరి బయట రైల్వే ఓవర్‌బ్రిడ్జి ఎక్కితే థర్డ్ గేర్‌లో ఊపిరి ఆగిపోయినట్టు అయింది. సెకండ్‌కి దించాల్సి వచ్చింది.

ఆ తర్వాత రెండు వారాలు మేం వెతకని చోటు లేదు. కార్బురేటర్ రెండుసార్లు విప్పాం. పాయింట్ గ్యాప్ మార్చాం. కంప్రెషన్ గేజ్ పెడితే తక్కువ చూపించింది కాబట్టి రింగులు సరిగ్గా కూర్చోలేదని ఒక వర్క్‌షాప్‌లో చెప్పారు. హెడ్ మళ్లీ దించాం. రింగులు బాగానే ఉన్నాయి. చివరికి తేలింది ఏమిటంటే, కొత్త సెట్‌లో ఇన్‌లెట్ కామ్ వీల్ (ఇన్‌లెట్ వాల్వును తెరిచే కామ్ ఉన్న గేరు) మీద గుర్తు ఒక పన్ను పక్కన కొట్టి ఉంది. మేం గుర్తు మీద గుర్తు పెట్టింది నిజమే, ఆ గుర్తే తప్పు. ఇన్‌లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంటే సిలిండర్‌లోకి వచ్చిన గాలి, పెట్రోల్ కొంత వెనక్కి పోతుంది, కంప్రెషన్ పడిపోతుంది, లాగుడు పోతుంది.

ఆ తప్పు పట్టుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాల పని అప్పటికి నాకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. కామ్ టైమింగ్, అంటే పిస్టన్ ఎక్కడున్నప్పుడు వాల్వులు తెరుచుకుని మూసుకోవాలో సరిచూసి కట్టడానికి మూడు దారులున్నాయి. గుర్తులు కలపడం ఒకటి, రెండు వాల్వులూ కలిసి తెరుచుకుని ఉండే చోట చూసుకోవడం రెండోది, డిగ్రీ ప్లేటుతో కొలవడం మూడోది. ఏది మంచిదని అడిగితే సమాధానం లేదు. మీరు ఇంజన్‌లో ఏం మార్చారన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి.

ముందు మీ ఇంజన్ ఏ రకమో చూసుకోండి

ఇక్కడ రెండు ఇంజన్లనే ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే మన ఊళ్లలో విప్పి కట్టే పాత బళ్లలో ఎక్కువ ఇవే. ఒకటి పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350. అసలు సామర్థ్యం 346 సీసీ, బోర్ 70, స్ట్రోక్ 90 మిల్లీమీటర్లు. దీనికి కుడివైపు టైమింగ్ కవర్ కింద రెండు కామ్ వీల్స్ ఉంటాయి, ఇన్‌లెట్‌కి ఒకటి, ఎగ్జాస్ట్‌కి ఒకటి. పిస్టన్ తిప్పే క్రాంక్ షాఫ్ట్ మీది చిన్న పినియన్ గేరుతో అవి తిరుగుతాయి, పుష్ రాడ్లు పైకి వెళ్లి, వాల్వులను నొక్కి తెరిచే రాకర్లను తోస్తాయి. రెండోది హీరో హోండా సీడీ 100, స్ప్లెండర్ తరం ఇంజన్. అందులో కామ్ షాఫ్ట్ పైన హెడ్‌లోనే ఉంటుంది, ఒక్క షాఫ్ట్ మీదే రెండు వాల్వులకూ కామ్‌లు, ఎడమవైపు టైమింగ్ చైన్ దాన్ని తిప్పుతుంది.

ఆర్‌ఎక్స్ 100, పాత యెజ్డీ, రాజ్‌దూత్ 175 వాళ్లకు ఈ గొడవే లేదు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో కామ్ ఉండదు, బోర్‌లో ఉన్న పోర్టులను పిస్టనే తెరిచి మూస్తుంది.

గేరు, చైన్ అనే తేడా చాలా ముఖ్యం. గేర్లలో తప్పు వస్తే సాధారణంగా పన్ను లెక్కన వస్తుంది. ఉంటే ఒక పన్ను, లేకపోతే ఏమీ లేదు. చైన్‌లో మాత్రం తప్పు కొంచెం కొంచెంగా వస్తుంది, గుర్తులు కలిసినట్టే కనిపిస్తూ ఐదారు డిగ్రీలు జారిపోయి ఉంటుంది.

ఒక పన్ను అంటే ఎంతో లెక్క వేసుకోవడం తేలిక. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి 720ని కామ్ గేరు పళ్ల సంఖ్యతో భాగిస్తే, ఒక పన్నుకు క్రాంక్ డిగ్రీలు ఎన్నో వస్తుంది. స్ప్రాకెట్‌కు (చైన్ ఎక్కే పళ్ల చక్రానికి) 36 పళ్లుంటే ఒక పన్ను తేడా అంటే 20 డిగ్రీలు. ఇది చిన్న తేడా కాదు. మీ గేరు పళ్లు మీరే లెక్కపెట్టుకుని ఈ అంకెను ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత పనికొస్తుంది.

గుర్తులు కలపడం

తొంభై శాతం మెకానిక్కులు చేసేది ఇదే, అందులో తప్పేమీ లేదు. కంపెనీ వాళ్లు గుర్తులు పెట్టింది అందుకే. పది నిమిషాల్లో అయిపోతుంది, సామాను ఏమీ అక్కర్లేదు.

సీడీ 100, స్ప్లెండర్‌లో మ్యాగ్నెట్‌ను (క్రాంక్ చివర ఉండే బరువు చక్రాన్ని) ఎడమవైపు నుంచి చూస్తూ గడియారానికి ఎదురు దిశలో తిప్పాలి. మ్యాగ్నెట్ మీద ఉన్న టీ అక్షరం పక్కన గీత, కేసు మీది గుర్తుకు ఎదురుగా వస్తే పిస్టన్ టాప్‌లో ఉన్నట్టు. అప్పుడు కామ్ స్ప్రాకెట్ మీది సున్నా గుర్తు హెడ్ మీది గాడికి ఎదురుగా ఉండాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. టీ పక్కనే ఎఫ్ గుర్తు కూడా ఉంటుంది. అది స్పార్క్ పడే చోటు, టాప్ కంటే ముందు వస్తుంది. మసక వెలుతురులో, ఆయిల్ మరకల మధ్య ఎఫ్‌ను టీ అనుకుని కట్టేసిన బళ్లు నేను చూశాను. మ్యాగ్నెట్ అంచును పెట్రోల్ గుడ్డతో తుడిచి, ఆ గీతలో కొంచెం తెల్ల పెయింట్ గానీ చాక్‌పీస్ పొడి గానీ రుద్దండి, అక్షరం తెల్లగా తేలుతుంది.

బుల్లెట్‌లో పినియన్ మీది గుర్తు కామ్ వీల్ గుర్తుతోనూ, రెండు కామ్ వీల్స్ మీది గుర్తులు ఒకదానితో ఒకటీ కలవాలి. పినియన్ విప్పాల్సి వస్తే గుర్తుంచుకోండి, దాన్ని పట్టి ఉంచే వార్మ్ నట్టుది ఎడమ మర, అంటే మామూలుకు ఎదురు దిశలో విడుతుంది. మామూలు నట్టు అనుకుని బలంగా తిప్పితే మర పోతుంది. ఆయిల్ పంపును తిప్పేది కూడా ఆ వార్మే.

గుర్తుల మీద ఎప్పుడు నమ్మకం పెట్టుకోవచ్చు? విప్పినప్పుడు ఉన్న గేర్లు, కామ్, చైన్ అవే మళ్లీ కడుతున్నప్పుడు, అవి బండితో వచ్చిన అసలు సామానే అయినప్పుడు, విప్పక ముందు బండి బాగా లాగుతున్నప్పుడు. ఈ మూడూ నిజమైతే వేరే ఏ పద్ధతీ అక్కర్లేదు. విప్పేముందు ఫోన్‌తో దగ్గరగా నాలుగు ఫోటోలు తీసుకోండి, చాలు.

ఈ మూడిట్లో ఏ ఒక్కటి కాకపోయినా గుర్తు అబద్ధం చెప్పే అవకాశం ఉంది. మార్కెట్‌లో దొరికే కామ్ వీల్ సెట్ల సంగతి మా మావయ్య బండితోనే తెలిసింది. అలాగే మ్యాగ్నెట్‌ను క్రాంక్‌తో పట్టి ఉంచే అర్ధచంద్రం కీ కొంచెం కోసుకుపోయి ఉంటే మ్యాగ్నెట్ కాస్త తిరిగిపోతుంది, దాంతో టీ గుర్తు కూడా. పైకి ఏమీ తెలియదు. మ్యాగ్నెట్ లాగినప్పుడు ఆ కీని బయటకు తీసి గోరుతో అంచు తడిమి చూడండి. మెట్టులా తగిలితే కొత్తది వేయండి, ఆ గాడి కూడా చూడండి.

రెండు వాల్వులూ ఊగే చోటు

నన్నడిగితే ఈ పని ప్రతి ఇంజన్‌కీ చేయాలి. ఖర్చు లేదు, పని లేదు.

ఎగ్జాస్ట్ స్ట్రోక్ అయిపోయి ఇన్‌లెట్ స్ట్రోక్ మొదలయ్యే టాప్ దగ్గర, ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా పూర్తిగా మూసుకోదు, ఇన్‌లెట్ వాల్వు అప్పటికే కొంచెం తెరుచుకుని ఉంటుంది. క్రాంక్‌ను అక్కడ అటూఇటూ కొంచెం కదిపితే ఒక రాకర్ లేస్తుంది, ఒకటి దిగుతుంది, తక్కెడలాగా. పిస్టన్ సరిగ్గా టాప్‌లో ఉన్నప్పుడు రెండు వాల్వులూ ఇంచుమించు సమానంగా తెరుచుకుని ఉండాలి. ఎగ్జాస్ట్ బాగా తెరుచుకుని, ఇన్‌లెట్ అసలు కదలకపోతే, ఒకే షాఫ్ట్ ఉన్న ఇంజన్‌లో కామ్ ఆలస్యంగా ఉన్నట్టు. ఇన్‌లెట్ ఎక్కువ తెరుచుకుని ఎగ్జాస్ట్ మూసుకుపోయి ఉంటే కామ్ ముందుకు పోయినట్టు.

మా మావయ్య బుల్లెట్‌లో సరిగ్గా ఇదే కనిపించింది. రాకర్ కవర్లు తీసి, కింద కూర్చుని కిక్ లివర్‌తో మెల్లగా తిప్పుతూ చూశాను. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని ఉంది, కానీ ఇన్‌లెట్ పుష్ రాడ్ అప్పుడే కదలడం మొదలుపెట్టింది. ‘‘ఒరేయ్, ఒకటే ఊగుతోందిరా, రెండోది నిద్రపోతోంది’’ అన్నాడు మావయ్య. బుల్లెట్‌లో కామ్‌లు రెండు వేర్వేరు కాబట్టి ఏది తప్పో కూడా ఇక్కడే తెలిసిపోతుంది.

దీనికి రెండు షరతులు. ట్యాపెట్ గ్యాప్ (కామ్‌కూ వాల్వుకూ మధ్య వదలాల్సిన సందు) ముందుగా సరిచేసి ఉండాలి. పాత బుల్లెట్ 350లో చల్లగా ఉన్నప్పుడు పుష్ రాడ్ వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందకీ ఆట ఉండకూడదు. గ్యాప్ ఎక్కువ తక్కువలైతే మీకు కనిపించేది కామ్ తేడా కాదు, ట్యాపెట్ తేడా. రెండోది, కొన్ని ఇంజన్లలో కంపెనీయే రెండు వాల్వులనూ సమానంగా పెట్టదు. ఉదాహరణకు మీ మాన్యువల్లో ఇన్‌లెట్ టాప్‌కు 30 డిగ్రీల ముందు తెరుచుకుంటుంది, ఎగ్జాస్ట్ టాప్ దాటాక 35 డిగ్రీలకు మూసుకుంటుంది అని ఉంటే, టాప్‌లో ఎగ్జాస్ట్ కొంచెం ఎక్కువ తెరుచుకుని ఉండటం సహజం. కాబట్టి ఈ పద్ధతి పన్ను తప్పును పట్టేస్తుంది, కానీ మూడు నాలుగు డిగ్రీల తేడాను నమ్మకంగా చెప్పలేదు.

దానికి ఇంకో కారణం టాప్. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి, అది ఎక్కడ ఆగితే అదే టాప్ అనుకుంటాం. టాప్ దగ్గర పిస్టన్ దాదాపు నిలబడిపోతుంది. 90 మిల్లీమీటర్ల స్ట్రోక్ ఉన్న బుల్లెట్‌లో కూడా టాప్‌కు 5 డిగ్రీల దూరంలో పిస్టన్ కిందికి దిగేది దాదాపు 0.2 మిల్లీమీటర్లే. చేతికి ఆ తేడా తెలియదు. స్క్రూడ్రైవర్ టాప్‌తో సన్నటి లెక్కలు వేయకండి.

డిగ్రీ ప్లేటు, డయల్ గేజ్

ఇది సమయం తీసుకుంటుంది. మొదటిసారి చేస్తే ఒక సాయంత్రం పోతుంది. కానీ ఈ మూడింట్లో నిజాన్ని అంకెలుగా చెప్పేది ఇదొక్కటే, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

డిగ్రీ ప్లేటు అంటే 360 డిగ్రీలు గీసి ఉన్న గుండ్రటి పళ్లెం. కొనుక్కోవచ్చు. ఇంట్లో కూడా చేసుకోవచ్చు, కాగితం మీద ప్రింట్ తీసి పాత పాటల సీడీ మీద అంటించాలి. సీడీ వ్యాసం 120 మిల్లీమీటర్లు, అంటే అంచు మీద ఒక డిగ్రీకి ఒక మిల్లీమీటరు పైన చోటు వస్తుంది. అర డిగ్రీ దాకా కంటితో చదవచ్చు. 250 మిల్లీమీటర్ల ప్లేటు కొంటే డిగ్రీకి రెండు మిల్లీమీటర్లు దాటుతుంది, చదవడం ఇంకా తేలిక. ఒక్క బండికి సీడీ చాలు, నేను వాడింది అదే. తరచూ చేసేవాళ్లయితే పెద్ద ప్లేటు కొనండి. డయల్ గేజ్, అంటే చిన్న కదలికను ముల్లుతో మిల్లీమీటర్లలో చూపించే సాధనం, మాత్రం ప్రతి లేత్ షాపులో ఉంటుంది, తెలిసినవాళ్లుంటే ఒక రోజుకి అడిగి తెచ్చుకోండి. కొనాలంటే హైదరాబాద్ వైపు వాళ్లకు రాణీగంజ్, విజయవాడ వైపు వాళ్లకు ఆటోనగర్ ఉండనే ఉన్నాయి.

ప్లేటును క్రాంక్ చివర, స్ప్లెండర్ అయితే మ్యాగ్నెట్ నట్టు మీద బిగించండి. కదలని ఒక బోల్టుకు రాగి తీగ కట్టి, దాని కొనను ముల్లులా ప్లేటు అంచుకు ఆనీ ఆనకుండా వంచండి.

ఇప్పుడు నిజమైన టాప్ కనుక్కోవాలి. పాత స్పార్క్ ప్లగ్ ఒకటి తీసుకుని లోపల పింగాణీ పగలగొట్టి తీసేసి, లేత్ షాపులో మర వేయించి, కొన గుండ్రంగా అరగదీసిన బోల్టు దానిలోకి ఎక్కించండి. బుల్లెట్‌కి 14 మిల్లీమీటర్ల మర ప్లగ్ కావాలి. దీన్ని హెడ్‌లో బిగిస్తే పిస్టన్ టాప్‌కు చేరకముందే బోల్టుకు తగిలి ఆగుతుంది. చేత్తో మెల్లగా, బలం పెట్టకుండా తిప్పాలి. ఒకవైపు నుంచి తిప్పి ఆగిన చోట అంకె చూడండి, తర్వాత రెండోవైపు నుంచి తిప్పి ఆగిన చోట చూడండి. ఒకవైపు 34, ఇంకోవైపు 30 వస్తే ముల్లు 2 డిగ్రీలు పక్కన ఉందన్నమాట. ముల్లును వంచి రెండువైపులా 32 వచ్చేలా చేయండి. ఇక ప్లేటు మీది సున్నా నిజమైన టాప్. బోల్టు తీసేయడం మర్చిపోకండి.

ఈ పని చేసినప్పుడే మ్యాగ్నెట్ మీది టీ గుర్తు కూడా చూసుకోండి. సున్నా దగ్గర టీ ఎదురుగా లేకపోతే కీ సంగతి ఏంటో చూడాలి.

తర్వాత కామ్. వాల్వు తెరుచుకునే క్షణాన్ని పట్టుకోవడం కష్టం, అక్కడ కామ్ చాలా నెమ్మదిగా లేస్తుంది. అందుకే కామ్ శిఖరం, అంటే వాల్వు పూర్తిగా తెరుచుకునే చోటు ఎక్కడుందో చూడటం మేలు. డయల్ గేజ్ కొనను వాల్వు స్ప్రింగ్ టోపీ మీద నిలువుగా ఆనించండి. ఇంజన్ తిరిగే దిశలోనే తిప్పుతూ పోండి. గరిష్ఠ లిఫ్ట్, అంటే వాల్వు ఎక్కువలో ఎక్కువ ఎంత కదులుతుందో ముందు ఒకసారి చూసుకుని, రెండోసారి తిప్పినప్పుడు గరిష్ఠానికి ఒక మిల్లీమీటరు తక్కువ ఉన్నప్పుడు ప్లేటు మీద అంకె రాసుకోండి. అదే దిశలో ముందుకు పోయి గరిష్ఠం దాటి, మళ్లీ ఒక మిల్లీమీటరు దిగినప్పుడు అంకె రాసుకోండి. రెంటినీ కలిపి రెండుతో భాగించండి. 68, 146 వచ్చాయనుకోండి, మధ్య 107. ఇన్‌లెట్ శిఖరం టాప్ దాటాక 107 డిగ్రీల దగ్గర ఉన్నట్టు.

ఎక్కడైనా దాటిపోతే వెనక్కి తిప్పకండి. గేర్ల మధ్య ఆట, చైన్ వదులు రెండోవైపుకు వచ్చేస్తాయి, అంకె తప్పుతుంది. ఓపిగ్గా మళ్లీ రెండు చుట్లు తిప్పి రండి. స్ప్లెండర్ రకంలో టెన్షనర్ (చైన్ వదులు తీసే భాగం) చైన్‌ను నొక్కి ఉంచిన స్థితిలోనే కొలవాలి.

మాన్యువల్లో శిఖరం అంకె లేకపోతే మనమే వేసుకోవచ్చు. ఇన్‌లెట్ టాప్‌కు 30 ముందు తెరుచుకుని, కింది డెడ్ సెంటర్ (పిస్టన్ అట్టడుగున ఉండే చోటు) దాటాక 60కి మూసుకుంటుందని రాసి ఉంటే మొత్తం 30, 180, 60 కలిపి 270 డిగ్రీలు. అందులో సగం 135. తెరుచుకున్న 30ని తీసేస్తే 105. రెండు వైపులా ఒకేలా ఉన్న కామ్‌కు ఈ లెక్క సరిగ్గా వస్తుంది. మీరు కొలిచింది 107 అయితే రెండు డిగ్రీలు ఆలస్యం, దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. 115 వస్తే మాత్రం కారణం వెతకాలి.

చైన్ బళ్లలో గుర్తులు ఎందుకు మోసం చేస్తాయి

ఇది చాలామంది పట్టించుకోని విషయం, కానీ పాత స్ప్లెండర్లలో లాగుడు తగ్గడానికి ఇదొక ముఖ్య కారణమని నా నమ్మకం. క్రాంక్ చైన్‌ను ఒకవైపు నుంచి లాగి కామ్‌ను తిప్పుతుంది. చైన్ సాగితే ఆ లాగే వైపు పొడవు పెరుగుతుంది, కామ్ వెనకబడుతుంది. వదులును టెన్షనర్ రెండోవైపు మింగేస్తుంది కాబట్టి శబ్దం కూడా పెద్దగా రాదు.

ఎంత వెనకబడుతుందో ఒక ఉదాహరణ లెక్క చూడండి. చైన్ లింకు దూరం 6.35 మిల్లీమీటర్లు, కామ్ స్ప్రాకెట్‌కు 36 పళ్లు అనుకుందాం. అప్పుడు స్ప్రాకెట్ వ్యాసార్ధం దాదాపు 36 మిల్లీమీటర్లు. లాగే వైపు 30 లింకులు ఉంటే పొడవు 190 మిల్లీమీటర్లు. చైన్ ఒక శాతం సాగితే 1.9 మిల్లీమీటర్లు. అంటే కామ్ మూడు డిగ్రీలు, క్రాంక్ లెక్కన ఆరు డిగ్రీలు వెనక్కి. గుర్తు మాత్రం గాడికి ఎదురుగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఆ చిన్న స్ప్రాకెట్ మీద మూడు డిగ్రీలంటే రెండు మిల్లీమీటర్ల లోపే.

హెడ్ ఫేసింగ్, అంటే హెడ్ అడుగును కోసి చదును చేయిస్తే కూడా ఇదే జరుగుతుంది. హెడ్ అర మిల్లీమీటరు కోస్తే కామ్ క్రాంక్‌కు అర మిల్లీమీటరు దగ్గరవుతుంది, అదే లెక్కన ఒకటిన్నర డిగ్రీ ఆలస్యం. ఒక్కసారికి పర్వాలేదు. రెండుసార్లు కోసిన హెడ్, పాత చైన్ కలిస్తే లెక్క పెరుగుతుంది. బుల్లెట్‌లో కామ్‌లు కిందే ఉన్నాయి కాబట్టి హెడ్ కోసినా టైమింగ్ కదలదు, ట్యాపెట్ సర్దుకుంటే చాలు.

కామ్ ఆలస్యమైతే అడుగు లాగుడు (తక్కువ వేగంలో లాగే బలం), కిక్కులో గట్టిదనం, కంప్రెషన్ గేజ్ అంకె తగ్గుతాయి. ఈ మూడూ కలిసి కనిపిస్తే రింగుల మీద నింద వేసే ముందు కామ్ చూడండి. కామ్ కొంచెం ముందుంటే అడుగు లాగుడు బాగుంటుంది, పై వేగంలో కాస్త తగ్గుతుంది.

మీ పరిస్థితికి ఏది

వాల్వు సీల్స్ మార్చడానికో, రింగులకో హెడ్ దించి, అన్నీ పాతవే మళ్లీ కడుతున్నారా? గుర్తులు కలపండి, ఊగే చోటు ఒకసారి చూసుకోండి, మూసేయండి. డిగ్రీ ప్లేటు జోలికి పోవడం టైమ్ వేస్ట్.

టైమింగ్ గేర్లు గానీ కామ్ గానీ కొత్తవి వేశారా? ఊగే చోటు చూడకుండా కవర్ మూయకండి. కామ్ కొత్తదైతే, ముఖ్యంగా అసలు కంపెనీది కాకపోతే, డిగ్రీ ప్లేటుతో కొలవండి. పుత్లీబౌలిలోనో ఆటోనగర్‌లోనో అసలు సామాను అని ఇచ్చిన ప్రతిదీ అసలుది కాదని మీకూ తెలుసు. ఇక్కడ ఇంకో ఎంపిక కూడా వస్తుంది, కొంచెం అరిగిన అసలు కామా, కొత్త నకలు కామా? శిఖరం మీద గుంటలు, గీతలు లేకుండా, లిఫ్ట్ మాన్యువల్ అంకెకు దగ్గరగా ఉంటే నేను పాత అసలుదే వేస్తాను. ఉపరితలం గీరుకుపోయి ఉంటే మాత్రం దాన్ని వాడకండి, రాకర్‌ను కూడా తినేస్తుంది.

హెడ్ కోయించారా, లేదా చైన్ ఎన్నేళ్లదో తెలియదా? చైన్ బండి అయితే కొలవడం కంటే ముందు కొత్త చైన్ వేయండి. ఆ తర్వాతే కొలవండి. పాత చైన్‌తో కొలిచి స్ప్రాకెట్ సరిచేస్తే, రేపు చైన్ మార్చినప్పుడు మళ్లీ తప్పుతుంది.

గుర్తులు చెరిగిపోయాయి, లేదా బండి ఎవరో ముందే విప్పి కట్టినది కొన్నారు. అప్పుడు డిగ్రీ ప్లేటే, వేరే దారి లేదు. ఊగే చోటుతో పన్ను సుమారుగా పట్టుకుని, తర్వాత శిఖరం కొలిచి ఖాయం చేసుకోండి. ఒకసారి సరైన పన్ను తేలాక చిన్న సెంటర్ పంచ్‌తో కొత్త గుర్తు కొట్టండి. పాత తప్పు గుర్తును ఫైలుతో గీరేయండి, లేకపోతే ఇంకో పదేళ్లకు ఇంకొకరు దానికే కలుపుతారు.

తేడా ఉంటే ఏం చేయాలి

మూడు డిగ్రీల లోపైతే రోజూ తిరిగే బండికి ఏమీ చేయక్కర్లేదు. ఒక పన్ను అంత తేడా ఉంటే పన్ను జరపండి. మధ్యలో ఉన్నదే ఇబ్బంది, 8 డిగ్రీలో 10 డిగ్రీలో. పన్ను జరిపితే అటువైపు ఎక్కువైపోతుంది. పాత ట్రయంఫ్ ట్విన్‌లలో ఈ ఇబ్బంది ఊహించే కామ్ గేరుకు మూడు కీ గాడులు పెట్టారు, గాడి మారిస్తే పన్నులో కొంత భాగమే జరుగుతుంది. మన బళ్లకు ఆ సౌకర్యం లేదు. చైన్ స్ప్రాకెట్ బోల్టు రంధ్రాలను కొంచెం సాగదీసి స్ప్రాకెట్‌ను జరపవచ్చు, రేసింగ్ వాళ్లు చేసేది అదే. రోజువారీ బండికి నేను సలహా ఇవ్వను. బోల్టు వదులైతే స్ప్రాకెట్ జారిపోతుంది, వాల్వు పిస్టన్‌కు తగిలితే హెడ్ మొత్తం పోతుంది. అలాంటి తేడా వస్తే సామాను మార్చడమే నయం, చైన్ ముందు, తర్వాత స్ప్రాకెట్, ఆపై కామ్.

స్ప్రాకెట్ విప్పేటప్పుడు చైన్ సొరంగంలో గుడ్డ కుక్కండి. చిన్న బోల్టు ఒకటి చేతి నుంచి జారి లోపలికి పడితే, ఇంజన్ మళ్లీ కింది దాకా విప్పాలి.

ఏ పద్ధతి వాడినా, స్టార్ట్ చేసేముందు స్పార్క్ ప్లగ్ తీసి క్రాంక్‌ను చేత్తో నాలుగు చుట్లు పూర్తిగా తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆగిపోండి, కిక్‌తో దాటించే ప్రయత్నం చేయకండి. కామ్ శిఖరాల మీద, రాకర్ల మీద ఆయిల్ పూయకుండా మొదటి కిక్ కొట్టకండి. బుల్లెట్‌లో కామ్ టైమింగ్ సరిచేశాక పాయింట్ టైమింగ్ మళ్లీ పెట్టుకోవాలి, అది వేరే పని, దానికి పిస్టన్ కంప్రెషన్ టాప్ దగ్గర ఉండాలి.

మావయ్య బండికి ఇన్‌లెట్ కామ్ వీల్‌ను ఒక పన్ను జరిపాక మళ్లీ కొలిచాం. రెండు కామ్‌ల శిఖరాలు, ట్యాపెట్ స్థితి, పని చేసిన తేదీ ఒక అట్టముక్క మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి టూల్ బాక్సులో పెట్టాడు. ఓవర్‌బ్రిడ్జి ఇప్పుడు థర్డ్‌లోనే ఎక్కుతోంది, ఇద్దరితో.